పన్నెండో మనిషి

2023 ఫిబ్రవరి 11, శనివారం. ఆ పొద్దున నేనే సర్వపిండి చేసుకున్నాను. అడుగు మాడినా పైన మెత్తగా ఉంది. పైదంతా గీరి తిన్నాను, బాగుంది.

తర్వాత గోడ మీది పటాన్ని దుప్పటిలో చుట్టి గోదావరిఖని బస్టాండుకు బయలుదేరాను. పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరో గీసిన చిత్రానికి అచ్చు అది. సముద్రపొడ్డు కోట, బేడీలు విప్పించుకుంటున్న క్రైస్తవ బందీలు, సొమ్ము కట్టి వాళ్లను విడిపిస్తున్న ఫాదర్లు. నా భార్య సంధ్యారాణికి ప్రాణం. ఫ్రేముకు చెదలు పట్టింది.

ఫ్రేములు కట్టే ఇస్మాయిల్ మా వీధిలోనే ఉన్నాడు. అయినా మంచిర్యాలకు పోదామనుకున్నాను. బొమ్మలో కావలి వాళ్లందరికీ పాగాలు, గడ్డాలు. సంధ్యారాణి పోయాక రోజూ సాయంత్రం నాతో చాయ్ తాగేది ఇస్మాయిల్ ఒక్కడే. అతని మనసు నొచ్చుకుంటే ఆ తోడు పోతుందని నా భయం.

"ఏంది సదానందం అన్న, మా దుకాణం దాటేసి పోతున్నవ్? దొంగసొమ్మా?"

దొరికిపోయాను. ఇస్మాయిల్ దుప్పటి విప్పాడు. నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. అతను కళ్లద్దాలు తుడుచుకుని బొమ్మ మీదికి వంగాడు, చాలాసేపు లేవలేదు.

"అన్న, లెక్క తప్పింది," అన్నాడు చివరికి.

"ఏం లెక్క?"

"విప్పిన బేడీలు పన్నెండు జతలు. మనుషులు పదకొండు మందే. ఒకడు లోపలే ఉండిపోయిండు."

ఈ దుకాణం పెట్టకముందు ఇస్మాయిల్ ముప్పై ఏళ్లు బొగ్గుగని ల్యాంప్ రూంలో పనిచేశాడు. దిగేవాళ్లకు దీపాలివ్వడం, ఎక్కి వచ్చాక తీసుకోవడం అతని డ్యూటీ. ఒక్క దీపం తక్కువైనా ఆ మనిషి దొరికేదాకా ఇంటికి వచ్చేవాడు కాదు.

"ఎన్నడో గీసిన బొమ్మకు ఇప్పుడేం ఫికర్?" అంది అతని భార్య కుబ్రా బేగం, చాయ్ తెస్తూ.

అతను వినలేదు. మేకులు పీకి, అద్దం తీసి, బొమ్మ చుట్టూ అతికించిన అట్టను మెల్లగా లేపాడు. దాని కింద రెండు వేళ్ల వెడల్పున బొమ్మ ఇంకా ఉంది. అక్కడ ఒక కుర్రవాడు. తల్లి మెడ కావలించుకుని ఉన్నాడు. ఇన్నేళ్లూ అట్ట వాణ్ని కప్పేసింది.

"వీడు అందరికన్న ముందే ఉరికిండు," అని కుబ్రా బేగం నవ్వింది.

ఇస్మాయిల్ గట్టిగా ఊపిరి వదిలాడు.

అప్పుడు చెప్పాను, మంచిర్యాల ఎందుకు పోవాలనుకున్నానో.

"గీ పాగాలోళ్ల కోసమా?" పుస్తకం పట్టుకుని కూర్చున్న పాగా మనిషి మీద వేలు పెట్టాడు. "ఈయనను చూడు, ఒక్కొక్క పేరు కొట్టేసి బయటికి పంపుతున్నడు. నా నౌకరీ గదే గద. నన్ను తిట్టాలంటే గిన్నేండ్ల నుంచి నీ పైసలతో తాగుతున్న చాయ్ సంగతి తీసి తిట్టు. ఈ బొమ్మ ఎందుకు?"

కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

పన్నెండో వాడు కూడా పట్టేలా పెద్ద ఫ్రేము కట్టేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. జిగురు ఆరాలి, పొద్దున తీసుకుపొమ్మన్నారు. వాళ్ల మనవరాలు జోయా అక్కడే చాప మీద నిద్రపోయింది. పాప లేవకుండా కుబ్రా బేగం చప్పుడు కానీయక తలుపు దగ్గరికి వేసింది.