శంకరవ్వ గోడ

నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో పొద్దున గంట సేపే నల్లా వస్తది. ఆ గంటకు అందరికన్న ముందు బిందె పట్టుకొని నిలబడేది బాలలక్ష్మి. మేనమామ పెండ్లాం అనసూర్య అత్త లేచేసరికి గోలెం నిండాలె, అంట్లు తోమాలె, వాకిలి ఊడ్వాలె. ఎవరూ చెప్పలేదు. పదకొండేండ్లకే మూడిండ్లు మారిన తల్లి లేని పిల్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"జరుగున్రి, ముసలిదాని బిందె వచ్చింది," అనేది ఎదురింటి తారాబాయి.

ఎవరూ మోయకుండానే ఇత్తడి బిందె వచ్చి నల్లా కింద కూర్చునేది. శంకరవ్వ చనిపోయి నాలుగేండ్లయింది కాని, క్వార్టరు ఖాళీ చెయ్యలేదు. తాళం వేయడానికి ఆఫీసు మనిషి రెండుసార్లు వచ్చిండు. రెండుసార్లూ ఆమె చేతి చాయ తాగి పోయిండు.

ఆ పక్క క్వార్టరే మేనమామ పోశంది. ఒక అర్ర, ఒక వంటిల్లు. గనిలో పైకప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టుడు ఆయన పని. ముందు రాడుతో తట్టి వింటడు. ఖంగుమంటే గట్టి. డొల్లగా మోగితే ఉరకాలె. ఇంట్లో కూడా ఆయన ఏది ముట్టినా ముందు తట్టేవాడు. ఆయనను చూసే బాలలక్ష్మి గోడ తట్టుడు నేర్చుకుంది. మధ్యాహ్నం అత్త పడుకున్నంక ఒకసారి తడితే, అవతల నుంచి రెండుసార్లు చప్పుడయ్యేది. ఆమెకు ఉన్న సోపతి అదొక్కటే.

అత్తకు ఏడో నెల పడ్డది. కడుపు పెరిగినకొద్దీ పిల్లకు గుబులు పెరిగింది. రెండోసారి అన్నం పెట్టించుకోవడం మానేసింది. తక్కువ తింటే తక్కువ జాగా పడుతుందనుకుంది.

"అర్ర ఒక్కటేనాయె. పుట్టేటోళ్లను యాడ పండవెట్టాలె, దీన్ని యాడ పండవెట్టాలె? జాగా ఉంటే నేనెందుకు పంపుత?" అని ఒకరోజు అత్త మామతో అంటుంటే విన్నది. అత్త గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఆదిలాబాద్‌లో ఉన్న చిన్నాయన హనుమండ్లుకు ఉత్తరం పోయింది. ఆదివారం వచ్చి తీస్కపోతనని జవాబొచ్చింది.

శనివారం గోడకు చెవి ఆనించింది. "అవ్వా, ఆదిలాబాద్ ఇంట్ల గోడకవతల ఎవరుంటరు?"

"నాకేమెరుక బిడ్డా. నాకు గీ గోడొక్కటే ఎరుక," అన్నది శంకరవ్వ. "సంచి సర్దినవా?"

"ఎన్నడు విప్పిన్నని?"

అవతల మంచం ఈడ్చిన చప్పుడయింది.

ఆదివారం పొద్దున పోశం, పుట్టబోయే బిడ్డ బట్టలకని ఆ గోడకే మొల కొట్టబోయిండు. అలవాటుగా ముందు తట్టిండు.

డొల్లగా మోగింది.

"ఉరుకున్రి! బయటికి ఉరుకున్రి!"

పొయ్యి మీద అన్నం, పెట్టెలో పట్టుచీర, అన్నీ వదిలేసి అనసూర్య ఉరికింది. నల్లా దగ్గరికి పోయి నిలబడి రొప్పుతుంటే కాని తన చేతిలో ఏమున్నదో చూసుకోలేదు. బాలలక్ష్మి రెక్క ఉన్నది.

"అత్తా, నా సంచి లోపల్నే ఉన్నది!"

"సంచి కాలవెట్ట! నువ్వు కదిలినవంటే కాళ్లిరగ్గొడత!"

ఎంతసేపు చూసినా ఏమీ కూలలేదు. పోశం మెల్లగా లోపలికి పోయిండు.

"అనసూర్యా, జర ఇట్ల రా."

గోడలో తలుపు ఉన్నది. పసుపు రాసిన గడప, ఎన్నేండ్ల నుంచో తొక్కినట్టు నడుమ అరిగి ఉన్నది. అవతల శంకరవ్వ అర్ర ఊడ్చి ఉన్నది. ఆమె మంచం ఒక మూలకు జరిగింది. ఇంకో మంచం పట్టేంత జాగా.

తారాబాయి తొంగిచూసి, "ముసలిది జరిగింది, మంచిదే," అని బిందె ఎత్తుకొని పోయింది.

పది గంటల బస్సుకు హనుమండ్లు దిగిండు. అనసూర్య కంచం పెట్టింది. "ఉత్తరం రాసిన్నాడు జాగా లేకుండె అన్నా. ఇప్పుడున్నది. తిని పో," అన్నది. పిల్ల రెక్క మీద ఆమె వేళ్ల గుర్తులు అప్పటికింకా ఎర్రగనే ఉన్నయి.

"ఇగ విప్పు బిడ్డా," అన్నది మూల మంచం మీది నుంచి శంకరవ్వ.

రెండు లంగలు, ఒక పలక, తల్లి దువ్వెన. అంతే ఉన్నయి.

బుధవారం అనసూర్య ఖాళీ సంచి తీసి దులిపింది. "అంగడికి మంచిగుంటది," అని వంకాయలు తేవడానికి పోయింది. ఆ సంచి తను లేకుండా గడప దాటడం బాలలక్ష్మి అదే మొదటిసారి చూసింది.