మందమైన షీటు

డిగ్రీ సర్టిఫికెట్ వెనక ప్రభుత్వ ముద్ర ఉంటేనే పరాయి దేశపు బడి నన్ను ఇంగ్లీషు టీచరుగా చేర్చుకుంటుంది. ఆ ముద్ర వేసే ఆఫీసు కౌంటర్‌లో గుమాస్తా నా సర్టిఫికెట్‌ను వేలితో తడిమి వెనక్కి నెట్టాడు.

"లామినేషన్ చేయించేశారు. ప్లాస్టిక్ మీద ముద్ర వేయకూడదమ్మా."

"ఊడదీస్తే?"

"అక్షరాలు కూడా ఊడొస్తాయి. యూనివర్సిటీలో కొత్తది తీసుకోండి. మూడు నెలలు పడుతుంది."

బడి తెరిచేది మూడు వారాల్లో.

ఇది మా నాన్న నిర్వాకం. ఆయనది జిరాక్స్ షాపు. టీకా కార్డు నుంచి గ్యాస్ రసీదు దాకా మా ఇంట్లో ఏ కాగితమైనా ప్లాస్టిక్ తొడుక్కోవాల్సిందే. నా సర్టిఫికెట్‌కైతే షాపులోకెల్లా మందమైన షీటు వాడాడు.

దారంతా కోపాన్ని కూడగట్టుకుంటూ షాపుకి వెళ్లాను. నాన్న నన్ను చూసి మెషీన్ ఆపాడు.

"పనైందా తల్లీ?"

సంచిలోంచి సర్టిఫికెట్ తీయబోయాను. ఈలోపు ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. పొద్దున జిరాక్స్ తీయమని ఇచ్చిన మెడికల్ రిపోర్టు. దాని మీదా అదే ముద్ర పడాలి.

"అక్కడ వానలెక్కువంట కదా. దీనికీ వేసేశాను. ఇక నీళ్లలో పడ్డా ఏం కాదు."

ప్లాస్టిక్ ఇంకా వేడిగా ఉంది.

"బాగుంది నాన్నా," అన్నాను.