మూడో చరణంలో ఊపిరి

పొగిడితే ఒళ్లు మండే మనుషులు తక్కువ. ఆ సెలవురోజు మధ్యాహ్నం డెంటరమ్మకు మాత్రం పొగడ్త వల్లే ఒళ్లు మండింది. వెంటనే మండలేదు. ముందు చంకలు గుద్దుకుంది. ఆ సంగతి దాచిపెడితే కథ అబద్ధమవుతుంది.

కార్ల షెడ్డు అన్నాచెల్లెళ్లది. సొట్టపడ్డ రేకును కొట్టి దారికి తెచ్చేది చెల్లెలు, అందుకే అందరి నోటా డెంటరమ్మ అయింది. ఆ రేకు మీద పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది, రంగు కొట్టేది అన్న. వారానికి ఆరు రోజులు సుత్తి పట్టిన చేత్తోనే ఏడో రోజు ఆమె డ్రమ్ములు వాయించేది. అన్నది గిటారు. పక్క సందులో దర్జీది బేసు గిటారు. పాడేది వదిన. ఆమె బస్సు కండక్టరు. పగలంతా "టిక్కెట్, టిక్కెట్" అని అరవగా గొంతులో మిగిలిన జీర ఉంటుందే, దాంతోనే పాడేది. పాటలు కట్టేదీ ఆమే.

ఆరు పాటలు షెడ్డులోనే రికార్డు చేసుకున్నారు. పాత సీట్లలోని స్పాంజీ పీకి గోడలకు అంటించారు. రంగు కొట్టే అద్దాల గదిలో వదిన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడింది. అద్దానికి ఇవతల డెంటరమ్మ డ్రమ్ముల ముందు కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఒకేసారి పాడి, వాయించారు. ఆ తర్వాత నెల రోజులు అన్న కంప్యూటరు ముందు తలుపేసుకుని కూర్చున్నాడు. "మీరెవరూ వేలు పెట్టకండి, అంతా నేను చూసుకుంటా" అన్నాడు.

అంతా అయ్యాక సౌండాయన్ని పిలిచాడు. ముప్పై ఏళ్లు సభలకూ కచేరీలకూ మైకులు నడిపిన పెద్దమనిషి ఆయన. వచ్చే నెల మైదానంలో జరిగే కచేరీకి ముందు ఏ బ్యాండును వేదిక ఎక్కించాలో ఆయన మాట మీదే తేలుతుంది. రాగానే అన్న అందరినీ చూపించాడు. "ఈయన దర్జీ, బేసు వాయిస్తాడు. ఇది మా చెల్లెలు. ఈమె మా ఆవిడ." అంతే. ఆ ఆవిడే పాడుతుందని అనలేదు.

సౌండాయన ఏదో కారులోంచి విప్పి పక్కన పెట్టిన సీటులో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మోకాలి మీద ఒక్క వేలు మాత్రం కదులుతోంది. ఆరు పాటలూ అయ్యాక కళ్లు తెరిచాడు.

"డ్రమ్ములు ఎవరు?"

"మా చెల్లెలండీ."

"నువ్వా తల్లీ! ఇంట్లో గడియారం అక్కర్లేదు, నిన్ను కూర్చోబెట్టుకుంటే చాలు. వెంట్రుకవాసి తేడా లేదు."

డెంటరమ్మ మొహం చాటంత అయింది. దర్జీ మోచేత్తో పొడిచాడు. ఆ పొంగులో సౌండాయన తర్వాతి మాట ఆమె చెవిలో పడింది గానీ తలకెక్కలేదు.

"గొంతు మంచిదే. కానీ ఆ పాడిన మనిషికి తాళం లేదు. మూడో పాట ఉంది చూశారూ, అందరూ బస్సెక్కి పోతుంటే తను వెనకాల పరిగెత్తుతున్నట్టుంది. సూటిగా చెబుతా, ఏమీ అనుకోవద్దు. బండి బాగుంది, డ్రైవరును మార్చండి. ఇంకో అమ్మాయిని తెచ్చి పాడించండి. మిమ్మల్నే ఎక్కించమని నేను చెబుతా."

వదిన కళ్లు మొగుడి మీదే ఉన్నాయి. అతని కళ్లు కంప్యూటరు మీద ఉన్నాయి.

"నిజంగా వెనకబడ్డానా?" అంది మెల్లగా.

"పెద్దాయన ఊరికే అనరు కదా. ఆలోచిద్దాం" అన్నాడు.

"ఆలోచించడానికేముందయ్యా, వినిపిస్తే మీకే తెలుస్తుంది. ఆ మూడో పాట మూడో చరణం పెట్టు" అన్నాడు సౌండాయన.

పెట్టాడు. కండక్టరు కట్టిన పాట అది.

*నిలబడే వచ్చాను, నిలబడే పోతాను*
*చోటివ్వనోడి పక్కన*
*కూర్చోమన్నా... కూర్చోను*

రెండో పాదం దగ్గర డెంటరమ్మ నవ్వు ఆగిపోయింది. రికార్డింగు రోజున ఆమె బొటనవేలు వాచి ఉంది. ముందురోజే సుత్తి దెబ్బ తగిలింది. సరిగ్గా "పక్కన" అనే చోట కర్ర జారి ఒక దెబ్బ పోయింది. మళ్లీ వాయిస్తానని బతిమాలితే వదినే, "ఉండనీ, బస్సన్నాక ఒక కుదుపుండదా" అని నవ్వింది. ఆ పోయిన దెబ్బ ఇప్పుడు ఠంచనుగా వచ్చి కూర్చుంది.

"ఆపు" అంది డెంటరమ్మ. "అన్నయ్యా, ఇక్కడ నా చేతిలోంచి కర్ర జారింది. ఈ దెబ్బ ఎవరు కొట్టారు?"

"కాస్త సర్దాన్లే."

"కాస్త అంటే ఎంత?"

"అటూ ఇటూ పోయినవాటిని కంప్యూటరులో తాళం గీత మీదికి జరిపాను. అందరూ చేసేదేనే. సొట్ట మీద పుట్టీ పెట్టినట్టు అనుకో. నీకు మంచి పేరే వచ్చిందిగా, ఇంకేం కావాలి?"

"నా డ్రమ్ములు జరిపావు సరే. మరి నీ గిటారో?"

"అది... దాని మీద మళ్లీ వాయించుకున్నా."

డెంటరమ్మ దర్జీ వైపు తిరిగింది. "నువ్వో?"

దర్జీ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మళ్లీ వాయించమన్నాడు, వాయించా. ప్యాంటు కురచ చెయ్యమంటే చేస్తాను గానీ, నీ కాళ్లెందుకు పొట్టివయ్యాయని అడుగుతానా?"

ఎవరూ నవ్వలేదు.

"వదిన గొంతు?" అంది డెంటరమ్మ.

అన్న మౌస్‌ను అటూ ఇటూ తిప్పాడు. "దాన్ని ముట్టుకోలేదు. మళ్లీ పాడమంటే ఎందుకంటుంది, అదంతా ఓ గోల. ఆ కాస్తా ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా."

అప్పుడు మండింది డెంటరమ్మకు, అరికాలి మంట నెత్తికెక్కింది. "కూర్చోమన్నా" తర్వాత వదిన ఊపిరి తీసుకుంటుంది. అద్దం వెనక ఆ భుజాలు లేచేదాకా డెంటరమ్మ కర్రలు గాలిలో ఆగుతాయి. భుజాలు దిగుతూనే "కూర్చోను" మీద మాటా దెబ్బా కలిసి పడతాయి. రెండేళ్లుగా ఆ పాట బతికింది అక్కడే. అన్న ఆ ఆగే చేతిని ఆగకుండా చేశాడు. ఇప్పుడు ఊపిరి తీసుకున్న మనిషికి తాళం లేదంటున్నారు.

"తెలిసే నోరు మూసుకున్నావా? పరాయి మనిషి నీ ఎదురుగా నీ పెళ్లాన్ని తీసెయ్యమంటే, ఆలోచిద్దాం అంటావా? రేకును మరీ కొడితే ఏమవుతుందో పాతికేళ్ల నుంచి చూస్తున్నావు. చదునవుతుందా? సాగి ఉబ్బుతుంది! వేలు పెడితే లోపలికి పోతుంది, వేలు తీస్తే పైకి తంతుంది. దాని మీద నువ్వెంత రంగు కొట్టినా అది చచ్చిన రేకే!"

"మొగుడూ పెళ్లాల మధ్య నువ్వెందుకే?"

"ఆడపడుచు అర్ధమొగుడంటారుగా. పూర్తి మొగుడు నోరెత్తడు కాబట్టి సగం మొగుడు అడుగుతోంది!"

సౌండాయన గొంతు సవరించుకున్నాడు. "పాడింది మీ ఆవిడా? నాకెవరూ చెప్పలేదే. అయినా తల్లీ, నా చెవికి వెనకబడినట్టే వినబడింది మరి."

"మీ చెవికేం రోగం లేదు సార్. మీకు వడ్డించిందే మీరు తిన్నారు. ఇంకో రెండు నిమిషాలు కూర్చోండి." అన్న వైపు తిరిగింది. "నేను వాయించిన పాతది పెట్టు."

"లేదు. చోటు చాలక తుడిచేశా."

డెంటరమ్మ చేతిలో డ్రమ్ము కర్ర ఉంది. విసరలేదు. విసిరి ఉంటే అన్న నుదుటిమీద ఒక సొట్ట పడేది, దానికి పుట్టీ ఎవరు పెట్టాలి?

"గొంతు ఉందిగా. ఒట్టి గొంతు పెట్టు, గట్టిగా" అని డ్రమ్ముల ముందు కూర్చుంది.

స్పీకర్లలోంచి వదిన గొంతు ఒక్కటే వచ్చింది, తోడెవరూ లేకుండా. డెంటరమ్మ ఆ గొంతు పక్కన నడవడం మొదలుపెట్టింది. కోపంతో దెబ్బలు ముందుకు ఉరకబోతుంటే పళ్లు బిగించి పట్టుకుంది. మూడో చరణం వచ్చింది. "కూర్చోమన్నా" అంది గొంతు. కర్రలు లేచి గాలిలో ఆగాయి. రేకులపైన ఎక్కడో పావురం రెక్కలు కొట్టుకుంది. స్పీకరులో చిన్నగా ఊపిరి వినబడింది. "కూర్చోను!" మాటా దెబ్బా ఒక్కచోట పడ్డాయి. దర్జీ "అద్గదీ" అన్నాడు.

సౌండాయన వేలు కూడా గాలిలో ఆగి, అప్పుడే మోకాలి మీద పడింది. అది డెంటరమ్మ చూసింది.

ఆయన లేచాడు. తాను కూర్చున్న సీటును వదినకు చూపించి, "కూర్చో తల్లీ. పాట తెలియక నోరు జారాను. ఇలాంటిది పంపితే నేను మాట్లాడతా. ఆ సర్దింది మాత్రం వద్దు" అన్నాడు.

"పర్లేదు, నిలబడటం నాకు అలవాటే" అంది వదిన. ఆయన ఇంకేదో అనబోయి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు వదిన తనను కావలించుకుంటుందనుకుంది డెంటరమ్మ. వదిన దగ్గరికొచ్చింది గానీ చేతులు కట్టుకునే ఉంది.

"నిన్ను గడియారం అన్నప్పుడు పళ్లన్నీ బయటపెట్టావు. నాకు తాళం లేదన్నప్పుడు కూడా అవి లోపలికి పోలేదు. నేను చూశాను."

డెంటరమ్మ కర్రలు ఒళ్లో పెట్టుకుంది. "అవును వదినా" అంది.

"నీ దెబ్బలు జరిపారని తెలిశాకే నీకు కోపం వచ్చింది. సరే, రావడమైతే వచ్చింది." మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, అందరూ అభిప్రాయాలు చెప్పారు, ఇక నాది విను. ఆరు పాటల్లోనూ గిటారు మోత ఎక్కువ. ఎక్కడా ఎవరికీ చోటివ్వదు."

"అది కాదు, నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం నెల రోజులు విన్నాం. ఇక మళ్లీ మొదటి నుంచి రికార్డు, నలుగురం ఒకేసారి. తర్వాత జరపడానికి నీకేం మిగలకూడదు."

అద్దాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అన్న గిటారు తగిలించుకుని ఒకసారి మీటాడు. అద్దం వెనకనుంచి వదిన అరచెయ్యి కిందికి చూపించింది. అన్న శబ్దం తగ్గించాడు. ఇంకా, అంది ఆ చెయ్యి. తగ్గించాడు. ఇంకా. బస్సు ఆపినట్టు అప్పుడా చెయ్యి నిటారుగా నిలిచింది.

డెంటరమ్మ కర్రలు ఎత్తి, ఆ భుజాల కోసం చూసింది.