నల్లపొగ పందెం

టెక్కలిలో ఢిల్లీశ్వరరావు మీసం సంగతి తెలియని మనిషి ఉన్నాడంటే ఆ మనిషి ఊరికి కొత్తవాడే అయి ఉండాలి. నౌపడ నుంచి గుణుపురం పోయే చిన్న రైలుకి ఆవిరి ఇంజను నడిపినన్నాళ్ళూ ఆయన ఆ మీసాన్ని ఆముదంతోనూ బొగ్గుమసితోనూ పెంచాడు. రిటైరయ్యాక బొగ్గుమసి పోయింది గాని మీసం పొగరు మాత్రం తగ్గలేదు. అన్నం తినేటప్పుడు పులుసు తగలకుండా దాన్ని ఎడమ చేత్తో ఎత్తిపట్టుకునేవాడు.

అదే బండికి గార్డుగా చేసినవాడు ఈశ్వరరావు. వీళ్ళది కుండమార్పిడి సంబంధం. ఈశ్వరరావు చెల్లెలు జగదాంబని ఢిల్లీశ్వరరావు చేసుకుంటే, ఢిల్లీశ్వరరావు చెల్లెలు దుర్గాదేవిని ఈశ్వరరావు చేసుకున్నాడు. కాబట్టి ఎంత కొట్టుకున్నా మాటలు మానేసే వీలు లేదు. వాళ్ళ తగువు ఒక్కటే, అది పెళ్ళిళ్ళనాటి నుంచీ నడుస్తోంది. బండిని నడిపింది డ్రైవరా, గార్డా? పచ్చజెండా ఊపకపోతే నీ ఇంజను ఎక్కడికి కదిలేదని ఒకడు, జెండా ఊపితే గుణుపురం వచ్చేస్తుందా అని ఇంకొకడు. ఇంటి పిల్లలు విని విని పెద్దవాళ్ళైపోయారు.

ఇలా ఉండగా ఓడమీద పనిచేసే అల్లుడు శ్యాంసుందర్ పరాయి దేశం నుంచి మామగారు ఢిల్లీశ్వరరావుకి ఒక బొమ్మరైలు తెచ్చాడు. మూరెడు పొడుగు, నల్లటి ఇంజను. దాని కడుపులో చిన్న డబ్బా, డబ్బాలో నూనె, నూనెలో వత్తి, వత్తిని వేడెక్కించే తీగ ఉన్నాయి. పక్కనే చింతపిక్కంత మోటారు, దానికో బుల్లి ఫ్యాను. నూనె కాగి పొగ పుడితే, ఫ్యాను దాన్ని గొట్టంలోంచి బుసబుసా పైకి తోస్తుంది. అది చూసిన రోజు ఢిల్లీశ్వరరావు కళ్ళు తడిశాయి. ఆ సంతోషంలో దాన్ని ఆపకుండా తిప్పీ తిప్పీ నెల తిరక్కుండానే మోటారు కాల్చేశాడు. ఇక పొగ గొట్టం చివర వేలాడ్డమే తప్ప పైకి లేవలేదు. పొగ లేవని ఇంజన్ని ఇంజను అనడానికి ఆయనకి నోరు రాలేదు.

కాలిన మోటారు తానే పీకాడు. పలాసలో కాసెట్ల కొట్టువాడి దగ్గర విరిగిన బొమ్మకారులోంచి అంతే సైజు మోటారు సంపాదించాడు. పాత ఫ్యాను రెక్క విరిగిపోతే పౌడరు డబ్బా మూత కత్తిరించి కొత్తది చేశాడు. తీగలు అతికించి, పట్టాలమీద పెట్టి, మీట తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఈశ్వరరావు బీడీ కాల్చుకుంటూ లోపలికొచ్చాడు.

పొగ వచ్చింది. కాకపోతే గొట్టంలోంచి కాదు, ఇంజను కిందనుంచి, చక్రాల మధ్యలోంచి.

"ఏటి బావా, నీ ఇంజనుకి కడుపు బాగోలేదేటి? ఎనకనుంచి ఎల్తంది పొగ" అన్నాడు ఈశ్వరరావు.

ఢిల్లీశ్వరరావుకి నెత్తిమీద నిప్పులు పోసినట్టయింది. "వొచ్చే ఆదివారం పొద్దున్న అందరి ముందూ సూపిత్తాను. గొట్టంలోంచి నల్లపొగ, మన బండి పొగ లాంటి పొగ రాకపోతే ఈ మీసం తీయించేత్తాను" అన్నాడు.

"వొత్తే, బండిని నడిపింది నువ్వేనని అందరి ముందూ ఒప్పుకుంతాను" అన్నాడు ఈశ్వరరావు. బీడీ పారేసి మరీ అన్నాడు, అంటే మాట గట్టిదే.

బావ వెళ్ళాక ఢిల్లీశ్వరరావు దేవుడి గూట్లోంచి అగరొత్తి తెచ్చి గొట్టం దగ్గర పెట్టాడు. అగరొత్తి పొగ లోపలికి పోతోంది. అంటే మోటారు తిరగబడి తిరుగుతోందన్నమాట, ఫ్యాను ఊదాల్సింది పోయి పీలుస్తోంది. రెండు తీగలూ అటూ ఇటూ మార్చి అతికించి మళ్ళీ అగరొత్తి పెట్టాడు. ఈసారి పొగ ఎగిరి ఆయన ముక్కుమీదే పడింది. సంబరంతో తుమ్మాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. అల్లుడు తెచ్చిన నూనె అయిపోయింది. కొబ్బరినూనె పోసి చూస్తే పొగ తెల్లగా, పలచగా, కాఫీ ఆవిరిలా వచ్చింది. తనేమో నోరు జారి నల్లపొగ అనేశాడు. ఆ చింతలో వీధరుగుమీద కూర్చుని ఉండగా సముద్రం ఒడ్డునుంచి చేపలు తెచ్చే పైడిరాజు కనబడ్డాడు. తెప్పకి పూయడానికి కొన్న జీడితొక్క నూనె సీసా అతని సైకిలుకి వేలాడుతోంది. నల్లగా, చిక్కగా, తారులా ఉంది. దాన్ని చూడగానే ఢిల్లీశ్వరరావు మనసు పాత ఇంజను ఎక్కేసింది.

"అది ఒంటిమీద పడితే బొబ్బలెక్కుతాదండీ. దాని పొగ తగిలితే కల్లు తెరవలేం. పలాసలో జీడి కాల్చేవోల్లని సూల్లేదేటి మీరు?" అంది జగదాంబ.

"సెంచాడు నూనె. సెంచాడికే ఏటైపోద్ది?" అన్నాడాయన, పైడిరాజు చేత గిన్నెలో పోయించుకుంటూ.

ఆదివారం పొద్దున్న ముందుగదిలో రైల్వేలో చేసినవాళ్ళంతా కూర్చున్నారు. ఈశ్వరరావు మూలన కుర్చీ వేసుకున్నాడు. ఢిల్లీశ్వరరావు మీసం దువ్వుకుని, జీడినూనె పోసి, మీట తిప్పాడు. బండి కదిలింది. పొగ మాత్రం రాలేదు. అంత చిక్కటి నూనె వత్తికి ఎక్కలేదు. బండి ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది.

"దుర్గా, ఇంట్లో బ్లేడున్నాదేమో సూడు" అన్నాడు ఈశ్వరరావు, గుమ్మంలో నిలబడ్డ పెళ్ళాంతో.

ఢిల్లీశ్వరరావు బండిని చేత్తో పట్టి ఆపి, మీట చివరిదాకా తిప్పి, ఏం అడ్డుపడిందో చూద్దామని గొట్టంమీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే నూనె కాగింది. బొమ్మకారు మోటారుకి ఇంజను మోటారుకన్నా ఊపు ఎక్కువ, పౌడరు డబ్బా రెక్క పెద్దది. పొగా, నూనే, మసీ కలిసి ఒక్కసారిగా పైకి లేచి ఆయన మీసంలో దిగాయి. ఆ తర్వాత పొగ గదంతా కమ్మింది. నల్లపొగే. కాని ఎవరు చూశారు? కళ్ళు మూసుకుని, దగ్గుకుంటూ, ఒకరినొకరు తొక్కుకుంటూ అందరూ వీధిలో పడ్డారు.

"వొచ్చిందా నల్లపొగ?" అని గుమ్మంలోంచి అరిచాడు ఢిల్లీశ్వరరావు.

"నాకేటీ కనబడ్లేదు" అన్నాడు ఈశ్వరరావు, కళ్ళు రెండూ మూసుకునే. మిగతావాళ్ళు కూడా అదే మాట అన్నారు. పాపం, అది నిజమే.

ఈలోగా ఢిల్లీశ్వరరావు పైపెదవి పనసతొనంత అయింది. మీసం నిండా జీడినూనె. మీసం తీస్తే తప్ప మందు అంటదన్నాడు మందుల షాపతను. మంగలి వచ్చి, వాసన చూసి, నా చేతులు నాకు కావాలని వెళ్ళిపోయాడు. చివరికి జగదాంబ జీడి ఒలిచే ఆడవాళ్ళలాగా చేతులకి కొబ్బరినూనె దట్టంగా పూసుకుని కత్తెర పట్టింది. ఢిల్లీశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. పందెం ఓడి తీయించుకున్నా ఒక పద్ధతి. నెగ్గీ పోగొట్టుకోవడం ఆయన తట్టుకోలేకపోయాడు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

మీసం మొత్తం తీసి, మొహం తుడిచి, వెలుగులోకి తిప్పిన జగదాంబ ఉలిక్కిపడింది. గబగబా పైటకొంగు భుజాలమీదికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది. "అత్తా" అంది.

నిజంగానే అది ఢిల్లీశ్వరరావు తల్లి నీలమ్మ మొహం. పోయి ఎన్నో ఏళ్ళైంది గాని, బతికినన్నాళ్ళూ కొడుకింటినీ కూతురింటినీ కంటిచూపుతో ఏలిన మనిషి. ఆమె ముందు ఈశ్వరరావు ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. ఇన్నాళ్ళూ ఆ మీసం వెనకాల ఆమె ఉందని ఎవరూ అనుకోలేదు.

ఈశ్వరరావు బీడీ కాల్చుకుంటూ చూడ్డానికొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. బీడీ వీపు వెనక్కి పోయింది.

పెదవి వాచి ఢిల్లీశ్వరరావుకి మాట రావడం లేదు. ఆయన ఊరికే బావ వైపు చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు.

"వొచ్చింది అత్తా" అన్నాడు ఈశ్వరరావు తల వంచుకుని. "నల్లగానే వొచ్చింది. బండి నడిపింది కూడా నీ కొడుకే."