మంచు ఎక్కువైన టీకా డబ్బా

నేను ఒక టీకా డబ్బాను. నీలం రంగు, మందపాటి గోడలు, భుజాన తగిలించుకోవడానికి ఒక పట్టీ. చిన్నప్పుడు నన్ను చూడగానే మీరు ఏడుపు లంకించుకుని మంచం కింద దూరే ఉంటారు. గుర్తులేదంటే నేను నమ్మను. ఇప్పుడు మూత పగిలి ఆసుపత్రి పాత సామాన్ల గదిలో పడి ఉన్నాను కాబట్టి, తీరిగ్గా నా సంగతి చెబుతాను.

ఎక్కడో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కరిగించి నన్ను పోతపోశారు. బయటి వేడి లోపలికి రాకుండా గోడల మధ్య నురుగు నింపారు. నాలుగు ఐసు ప్యాకులు పేర్చి మూత బిగిస్తే, రోళ్లు పగిలే ఎండ కాసినా నాకు లెక్కలేదు. ఆ విషయం తెలిసినప్పటి నుంచీ నాకు పొగరు. మొదట సూపర్‌వైజర్ గంగారాం చేతిలో పడ్డాను. ఆయన నాలో టీకాల కంటే పెరుగన్నం, మామిడిపళ్లే ఎక్కువ మోశాడు. ఇంట్లో ఫ్రిజ్ కొన్నాక నా మీద మోజు తీరిపోయి, నన్ను నర్సు సువార్తమ్మకు అప్పగించాడు.

సువార్తమ్మది జగిత్యాల పక్క బీడీలు చుట్టే ఊళ్ల డ్యూటీ. బస్సు దిగాక నాలుగు కిలోమీటర్ల నడక. ఆమెకు ఎండంటే చచ్చేంత భయం. “ఎండకు మందు కరాబైతే పిల్లల ఉసురు నాకు తగుల్తది” అనుకుంటూ, రాయిలా గడ్డకట్టిన ప్యాకుల్ని ఫ్రీజర్లోంచి తీసి తీయగానే నాలో పేర్చేది. చాలదని సందుల్లో మంచు ముక్కలు కూరేది. పైన తడి తువ్వాలు చుట్టేది. అబ్బో, ఎంత మురిసిపోయానో! నా కడుపులో చలికి మందు సీసాలు ఒకదానికొకటి అతుక్కునేవి.

ఒక వేసవిలో ఆమె ఊళ్లలో ఐదుగురు పిల్లలకు కంఠసర్పి వచ్చింది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరాడనివ్వని జబ్బు అది. ఐదుగురూ సువార్తమ్మ చేతి టీకాలు వేయించుకున్నవాళ్లే. టీకా వేసినా జబ్బు ఎందుకొచ్చిందో తేల్చడానికి హైదరాబాదు నుంచి డాక్టర్ నస్రీన్ వచ్చింది.

“మీరు రోజూ ఎట్లా చేస్తారో అట్లనే చేయండి సిస్టర్. నేను పక్కన ఉంటా, అంతే” అంది. చలినీ వేడినీ గంటగంటకూ రాసుకునే బిళ్లంత యంత్రాన్ని నాలో పడేసి రోజంతా మాతో తిరిగింది. సాయంత్రం చూస్తే, సున్నా కంటే నాలుగు డిగ్రీలు కింద ఉంది. అప్పుడు నాలోంచి ఒక సీసా, ఎన్నడూ గడ్డకట్టని సీసా ఇంకొకటి తీసుకుని, రెండింటినీ ఒకేసారి ఊపి బల్ల మీద పెట్టింది. కాసేపటికి రెండోది ఇంకా పాలలా తెల్లగానే ఉంది. నాది మాత్రం విరిగిన మజ్జిగలా పైన నీళ్లు, అడుగున మడ్డిగా విడిపోయింది.

ఈ టీకా కొంత వేడినైనా ఓర్చుకుంటుందట. గడ్డకట్టిందంటే మాత్రం ఇక పనికిరాదట. ఐసు ప్యాకుల్ని బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే నాలో పెట్టాలట. అందరూ ఎండనే తిట్టారు, చలిని ఒక్కరూ అనుమానించలేదు. నేనైతే దాన్ని నా గొప్ప అనుకున్నాను.

“అంటే ఇన్నేండ్లు పిల్లలకు నేను ఉత్త నీళ్లే ఎక్కించిన్నా మేడం?” అంది సువార్తమ్మ.

అందరికీ మళ్లీ వేయాలి, జబ్బు పాకకముందే వేయాలి అంది డాక్టరమ్మ. తన రిపోర్టులో ఎవరి పేరూ ఉండదని కూడా చెప్పింది. తన మీదికి వస్తుందని బెదిరిన గంగారాంకు ప్రాణం లేచి వచ్చింది.

“ఇగ లొల్లి ఎందుకు సిస్టర్? సర్కారు ఇంకో డోసు పంపిందని చెప్పి ఏసెయ్యి. ఎవ్వలకు తెల్వది. నిజం చెప్తే ఒక్క తల్లి గూడ పిల్లను ముట్టనియ్యది.”

“వాళ్లు నా మొఖం చూసి పిల్లల్ని ఇచ్చిన్రు సార్. సర్కారు మొఖం చూసి కాదు” అంది సువార్తమ్మ.

గంగారాం అన్నదీ తీసిపారేసే మాట కాదు. తల్లులు తలుపులు మూసుకుంటే ఆ పిల్లల గతి ఏమిటని నాకూ గుబులే.

మర్నాడు మొదట రాజవ్వ ఇంటికే వెళ్లాం. జబ్బుపడ్డ ఐదుగురిలో ఒకతైన ఆమె కూతురు మౌనిక జిల్లా ఆసుపత్రిలో చావు తప్పి బయటపడింది. ఇంకా నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేస్తున్నాయి. రాజవ్వ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. పక్కన ఎనిమిది నెలల కొడుకు పాకుతున్నాడు.

సువార్తమ్మ కూర్చోలేదు. “రాజవ్వా, మౌనికకు నేనేసిన సూదులు పని చెయ్యలే. మంచు ఎక్కువ పెట్టి నేనే మందు కరాబు జేసిన. చిన్నోనికి గూడ అవే పడ్డయి. మల్ల ఎయ్యాలె.”

కత్తెర ఆగింది. చేట ఎగిరి వాకిట్లో పడింది. “నా బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటుంటే, మా నర్సమ్మ సూదేసింది, ఏంగాదు అని అందరికి ధైర్యం చెప్పిన! నీ చేతులిరగ! ఏ మొఖం పెట్టుకోని వచ్చినవే?”

అటూ ఇటూ ఇళ్లవాళ్లు పోగయ్యారు. సువార్తమ్మ తల వంచుకుని అన్నీ పడింది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నోరుంటే, తప్పులో సగం నాదని అరిచి చెప్పేదాన్ని.

తిట్టి తిట్టి రాజవ్వ అలిసిపోయింది. కొడుకును ఎత్తుకుని గడపలో కూర్చుంది.

“ఈసారి గూడ కరాబైతే, మల్ల నువ్వే వచ్చి చెప్తవా?”

“చెప్త.”

“ఎవ్వలు వద్దన్నా?”

“ఎవ్వలు వద్దన్నా చెప్త.”

రాజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. వాడి లాగు పైకి జరిపింది.

“అయితే ఎయ్యి.”

పిల్లవాడు వీధంతా వినబడేలా ఏడ్చాడు. రాజవ్వ మాత్రం వాడి కాలు వదల్లేదు.