దప్పి లేదనే మాట

నెల్లూరు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే బస్సులో కామాక్షయ్య ఒకే మాట పదే పదే అనుకుంటూ కూర్చున్నాడు. బిళ్ళకు చెంబెడు నీళ్ళు. మరిచిపోతే గుర్తు చేయడానికి ఇంట్లో పెద్ద ఆడదిక్కు లేదు. భార్య పోలేరమ్మ పోయి నాలుగేళ్ళు దాటింది. కొడుకు నరసయ్య మద్రాసు రేవులో పడవ పనికి పోయాడు, వేట కాలం ముగిసేదాకా రాడు. ముందు సీట్లో ఆడవాళ్ళ మధ్య ఒదిగి కూర్చున్న కోడలు అంకాలమ్మకు ఐదో నెల. పోయినేడు ఇలాగే చలిజ్వరం వచ్చి, నడుంనొప్పితో మెలికలు తిరిగిపోయి, బిడ్డను పోగొట్టుకుంది. ఈసారి వణుకు మొదలవగానే ఆయన ఎవరినీ అడక్కుండా బస్సు రోడ్డు దాకా బండి కట్టించాడు.

డాక్టరమ్మ పరీక్ష చేయించి, మూత్రంలో చీము ఉందనీ, అది పైకి పాకితే తల్లికీ బిడ్డకూ ముప్పేననీ చెప్పి, సల్ఫా బిళ్ళలు రాసిచ్చింది. మిగతాదంతా నర్సు కరుణాకుమారి చెప్పింది.

"వినండి పెద్దాయనా. జ్వరం తగ్గింది గదా అని బిళ్ళలు నిలపకూడదు, అన్నీ అయిపోవాల. వేసుకున్నప్పుడల్లా చెంబెడు నీళ్ళు తాగాల. పగలంతా తాగతానే ఉండాల. నీళ్ళు చాలకపోతే ఆ మందే లోపల ఇసక మాదిరి పేరుకుంటుంది."

"ఇసక మాకు కొత్త కాదులేమ్మా," అన్నాడు కామాక్షయ్య నవ్వబోయి.

"ఈ ఇసక వేరు," అంది కరుణాకుమారి. ఆమె నవ్వలేదు. అంకాలమ్మను తెర వెనక్కి తీసుకుపోయి గొంతు తగ్గించి ఇంకేదో చెప్పింది. అవి తాను వినకూడని మాటలని ఆయన తల తిప్పుకున్నాడు.

సముద్రపు ఒడ్డున ఉన్న వాళ్ళ పాళెంలో బావి నీళ్ళు ఉప్పన. సరుగుడు తోపు అవతల ఇసకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. మర్నాటి నుంచి కామాక్షయ్యే కావడి భుజానికెత్తుకుని చెలమకు పోయాడు. అక్కడ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. బాన నిండుగా నింపి, పక్కన చెంబు పెట్టాడు.

సాయంత్రం మూత తీసి చూస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. కోడలు బిళ్ళ వేసుకుంటూనే ఉంది, గుక్కెడు గంజితో. రెండో రోజూ అంతే. ఆ మాపటికి మళ్ళీ వణుకు వచ్చింది.

ఆయన గడప బయట నిలబడి అడిగాడు. "నీళ్ళు తాగలా, అమ్మా?"

"తాగినా మామా."

"బాన వేరే చెప్తా ఉండాదే."

తలుపు వెనక నుంచి, "దప్పి లేదు మామా," అంది.

అది పోలేరమ్మ మాట. పెద్ద అలివి వలను ఒడ్డుకు లాగి కూలబడిన మధ్యాహ్నాలు ఆయన చెంబు అందిస్తే, పెదవులు పగిలి ఉన్నా సరే, వెనక్కి తోసేది. నాకు దప్పి లేదు, నువ్వు తాగు అనేది. మా ఇంటిది నీళ్ళక్కర్లేని మనిషని ఆయన పాళెమంతా గొప్పగా చెప్పుకునేవాడు. చివరికి ఆమె కూడా నడుం పట్టుకునే మంచాన పడింది.

"నిజం చెప్పు తల్లీ. నర్సమ్మ అంత గట్టిగా చెప్పింది గదా."

తలుపు వెనక నుంచి సన్నగా వినిపించింది. "తాగితే యాడికి పోవాల మామా?"

ఎదురుగా సముద్రం. ఒడ్డు పొడుగునా పొద్దుగూకులూ మగవాళ్ళు, ఆరేసిన వలలు. వెనక బండ్ల బాట. ఆడవాళ్ళు ఇసక దిబ్బల చాటుకు పోవాలంటే తెల్లారకముందు పోవాలి, లేదా చీకటి పడ్డాక. పుట్టినప్పటి నుంచీ ఆయన ఎరిగిన ఊరే అది. ఆ ఊళ్ళో పగటిపూట ఆడదానికి చోటు లేదని మాత్రం ఈ వయసులో, ఒక తలుపు వెనక నుంచి తెలిసింది.

తెల్లవారగానే వలల పాక తడికలు విప్పడం మొదలుపెట్టాడు. పోలేరమ్మతో కలిసి ఆయన వలలు బాగుచేసిన చోటు అది. ఇప్పుడు ఒంటరిగా కూర్చునేదీ అక్కడే. విప్పిన తడికలు ఇంటి వెనక చుట్టూ పాతాడు. లోపల గుంట తీసి, ఇసక కుప్ప పోసి, ఉప్పునీళ్ళ కుండ పెట్టాడు.

వేటకని ఒడ్డుకు పోతూ, తోటి జాలరి ముత్యాలయ్య ఆగాడు. "ఏంది కామాక్షన్నా, ఇంటెనక కోట కడతా ఉండావు?"

ఇంట్లో అలికిడి ఆగిపోయింది. కోడలు వింటోందని కామాక్షయ్యకు తెలుసు.

"నాకేరా. ముసిలోణ్ణి అయిపోయినా. ఆగడంలా. దిబ్బ దాకా పోయేలోపల పంచె తడిసిపోతా ఉండాది."

"అలకు బెదరనోడివి, దీనికి బెదిరినావా?" అని ముత్యాలయ్య పగలబడి నవ్వాడు. మధ్యాహ్నానికల్లా కామాక్షయ్యకు ఆగడం లేదన్న సంగతి పాళెమంతా పాకిపోయింది. వల ఏసే ముందు ఓసారి పోయి రా అన్నా, అని కుర్రకారు ఎగతాళి చేశారు. ఆయన వాళ్ళతో పాటు నవ్వాడు.

ఆ సాయంత్రం బాన మూత తీస్తే అడుగు కనపడింది. అంతకన్నా మంచి వేట ఆ ఏడు ఆయనకు పడలేదు.

బిళ్ళలన్నీ అయ్యాక మళ్ళీ నెల్లూరు పోయారు. డాక్టరమ్మ అంకాలమ్మ కడుపు మీద గొట్టం ఆనించి, విని, తల ఊపింది. "చీము లేదు. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటా ఉండాది," అంటూ కరుణాకుమారి బయటకొచ్చింది. "నీళ్ళు బాగానే తాగించినారే, పెద్దాయనా." ఈసారి నవ్వింది.

ఇప్పుడు కామాక్షయ్య తడికలు లేని పాకలో, ఏటవాలు ఎండలో, సముద్రం వైపు తిరిగి వల అల్లుకుంటున్నాడు. పక్కింటి వెంకటశేషమ్మ నిప్పు కావాలని మధ్యాహ్నం వస్తుంది. ఆమె వెనకే ఇంకెవరో చాట కోసం వస్తారు. నిప్పూ చాటా అడగకుండానే ఇంటి వెనక్కి పోతారు. ఆయన తల తిప్పడు.

అంకాలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగు మామా."

"నాకు దప్పి లేదులే. నీకుంచుకో."

"ఆ మాట చెప్పబాక మామా," అని చెంబు ఆయన చేతిలో పెట్టి లోపలికి పోయింది.

సగం తాగి, అలవాటు కొద్దీ చెంబును పోలేరమ్మ కూర్చునే పక్కకు అందించాడు. పక్కన దారం ఉండ తప్ప ఏమీ లేదు. కాసేపు అలాగే పట్టుకుని, మిగిలిన సగం తనే తాగాడు.