ఒకేసారి రెండూ

ఇంకో ఇరవై నిమిషాలు బస్సు ఆగి ఉంటే, కాదు, ఇరవై కూడా చాలేవి కావేమో, ఫైళ్ళు ఎంత కుదిశాయో చూపే రెండు గీతలూ అప్పటికి అరవై శాతం దగ్గరే పాకుతున్నాయి, జ్యోత్స్న అదే తలుచుకుంటూ భద్రాచలం ఆఫీసులో ఖాళీ తెర ముందు కూర్చుంది, బయట వారం నుంచీ ఇదే ముసురు, వకీలు బస్సెక్కిన ఆ రోజూ ఇంతే, వాగు పొంగుతోంది, రెండు గంటలదే ఆఖరి బస్సు, తెల్లారితే హైదరాబాద్ కోర్టులో పోడు భూముల కేసు, గుమ్మంలో వకీలు గడియారం చూసుకుంటున్నాడు, ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే పెన్‌డ్రైవ్, స్కాన్ చేసిన భూమి కాగితాలన్నీ కుదిస్తే తప్ప అందులో పట్టవు, అసలు కాగితాలేమో వాగు అవతల జనం ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి, రెండు ఊళ్ళు, ఒకటి కేసు కోసం తిరుగుతున్న జంపక్క వాళ్ళ గూడెం, ఒకటి తను పుట్టిన తండా, పొద్దున్నే నాయన ఫోను, మనది మరవకు బిడ్డా.

పక్క సీటు ఆదినారాయణ సారు చెప్పనే చెప్పాడు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టమ్మా, డిస్కు పాతది, రెండు పనులు ఒక్కపారి చెప్తే అటు ఇటు ఉరుకుడే సరిపోతది, తనేమంది, ప్రాసెసర్ కొత్తది సార్, రెండు కోర్లున్నయి, రెండు మెదళ్ళ లెక్క, చెరొకటి చేస్తయి, మొన్న పది కాగితాలతో చూసిన, సగం టైమే పట్టింది, పది కాగితాలెక్కడ, ఎనిమిది వేలెక్కడ, డిస్కు గరగరమంటూనే ఉంది, కోర్లు రెండూ దానికోసం కాచుక్కూర్చున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి పెడితే ఊరికి నలభై నిమిషాలు, చేతిలో ఉన్నది యాభై, ఒక్క ఊరైనా దక్కేది, సగంలో ఆగిన ఫైళ్ళు రెండూ తెరుచుకోలేదు, వకీలు వట్టి చేతులతో బస్సెక్కాడు, కాగితాల్లేక కోర్టులో కేసు నిలవలేదు, నిన్నటి నుంచి రెండు ఊళ్ళ చేలల్లోనూ ఫారెస్టోళ్ళు కందకం తవ్వుతున్నారు.

జంపక్క తడిసిన కొంగు పిండుకుంటూ ఎప్పుడొచ్చిందో గోడవారన కూర్చుంది, మా కాగితం కోర్టుకు పోలేదంటగదా, మీ తండాదన్న అందిందా బిడ్డా అంది, లేదక్కా, రెండూ అందలే, జంపక్క కొంగు భుజాన వేసుకుని, మీ నాయనది ముందుగాల పెట్టుకున్నా నేనేమన్న అందునా, ఒక్క ఊరన్న మిగిలేది, అంది, కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది, జ్యోత్స్న తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయింది, ఏ ఊరిది ముందు పెట్టినా నాయనకి జవాబు చెప్పాలి, లేదా ఈమెకి చెప్పాలి, ఎవరిని వెనక పెట్టాలో ఆ రోజు తేల్చుకోలేకపోయింది, ఆ మాట తనతో తాను కూడా అనుకోలేకే అప్పుడు ఆదినారాయణ సారుతో, రెండు కోర్లున్నయి సార్, అంది.